ఉప్పు, తడిగుడ్డ, దీపం ఒత్తి: మా సౌనాలో తేమ మీటర్‌తో నా తంటాలు

మా సౌనాలో, అంటే వేడి రాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి పట్టే చెక్క గదిలో, తేమ మీటర్ ముల్లు 60 శాతం దగ్గర ఉంది. పక్కనే ఉన్న థర్మామీటర్ 80 డిగ్రీలు చూపిస్తోంది. నేనేమో పై బల్ల మీద హాయిగా కూర్చుని ఉన్నాను. ఈ మూడూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదని నా బుర్రకి తట్టడానికి రెండు నెలలు పట్టింది.

మేం ఉండేది ఫిన్లాండ్‌లో, హెల్సింకిని ఆనుకుని ఉన్న ఎస్పోలో. 55 లక్షల జనం ఉన్న ఈ దేశంలో 30 లక్షలకు పైగా సౌనాలున్నాయని అంటారు. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజున మేం పూజకి ఏ మూల బాగుంటుందా అని వెతుకుతుంటే, ఏజెంట్ మాత్రం బాత్రూమ్ వెనకున్న చెక్క గది తలుపు తీసి గర్వంగా చూపించాడు. మొదటి చలికాలమంతా అందులో సూట్‌కేసులు, బియ్యం బస్తా పెట్టుకున్నాం. పక్కింటి పెద్దావిడ ఒకసారి చూసి కంగారుపడిపోయింది. పొరపాటున ఎవరి చెయ్యైనా తగిలి హీటర్ ఆన్ అయితే ఇల్లు తగలబడుతుందని ఆవిడ గట్టిగా చెప్పాక గది ఖాళీ చేశాం. ఖాళీ చేశాక ఇంకేం చేస్తాం, వాడటం మొదలుపెట్టాం.

ఆ మీటర్ నాకు ఒక పాత సామాన్ల సంతలో దొరికింది. గుండ్రటి చెక్క చట్రం, దాంట్లో సగం థర్మామీటర్, సగం తేమ కొలిచే హైగ్రోమీటర్. చూడ్డానికి ముద్దుగా ఉందని తెచ్చి, పై బల్ల మీద కూర్చుంటే తల వచ్చే ఎత్తులో, హీటర్‌కి దూరంగా ఉన్న గోడకి తగిలించాను. ఎత్తు ఎందుకు చెబుతున్నానంటే, సౌనాలో కప్పు దగ్గరికీ కాళ్ల దగ్గరికీ వేడిలో చాలా తేడా ఉంటుంది. హీటర్ పైన తగిలిస్తే అది కొలిచేది హీటర్‌ని, మనం కూర్చున్న చోటిని కాదు.

అనుమానం రేపింది మా బావ. విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, "ఇక్కడ 34 డిగ్రీలు, తేమ 75 శాతం, ప్రాణం పోతోంది. మీ సౌనాలో ఎంతుంటుందేంటి?" అన్నాడు. సౌనాలో మామూలుగా పది, పదిహేను శాతమే ఉంటుందని ఎక్కడో చదివింది గుర్తొచ్చి అదే చెప్పాను. "పదా? మరి దానికి డబ్బులెందుకు తగలేస్తున్నావ్?" అని నవ్వాడు. నాకు రోషం వచ్చి లెక్క వేశాను. 34 డిగ్రీల దగ్గర 75 శాతం అంటే ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 28 గ్రాముల నీటి ఆవిరి. 80 డిగ్రీల దగ్గర 10 శాతం అంటే 29 గ్రాములు. అంటే బావ ఉక్కపోతా, నా పది శాతమూ ఒకటే! వేడి గాలి పట్టగలిగే ఆవిరి అంత ఎక్కువ కాబట్టి శాతం చిన్నదిగా కనిపిస్తుంది.

ఆ లెక్కతోనే నా మీటర్ గుట్టు బయటపడింది. 80 డిగ్రీల దగ్గర నిజంగా 60 శాతం తేమ ఉంటే, 68 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా ఆవిరి నీరై కారుతుంది. నా ఒళ్లు 68 కంటే చల్లగానే ఉంటుంది కదా. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు చేతికి తగిలే ఆవిరి ఒళ్లంతా తగిలినట్టు ఉండాలి. హాయిగా కూర్చోవడం కాదు, అరుచుకుంటూ బయటికి పరిగెత్తాలి.

ముందు సులువైన దారి చూశాను. ఇంట్లో ఉన్న చిన్న డిజిటల్ మీటర్ తీసుకెళ్లి దాని పక్కన పెట్టాను. పావుగంటకి దాని తెర నల్లగా మారిపోయింది. వెనక చూస్తే 50 డిగ్రీల వరకే అని చిన్న అక్షరాల్లో రాసుంది. చల్లారాక అంకెలు తిరిగొచ్చాయి గానీ దాని మీద నాకు నమ్మకం తిరిగి రాలేదు.

పాత మీటర్ వెనక మూత తీస్తే లోపల సన్నటి వెంట్రుకల పోగు. నిజం వెంట్రుకలే. జెనీవాకి చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త 1783లో వివరించిన పద్ధతి ఇది. పొడిగాలిలోంచి పూర్తి తడిగాలిలోకి వస్తే మనిషి వెంట్రుక రెండు, రెండున్నర శాతం సాగుతుంది. ఆ కొంచెం సాగుడునే చిన్న మీటతో పెద్దది చేసి ముల్లుని తిప్పుతారు. మా ఆవిడ తొంగిచూసి, "కాకినాడ వెళ్లినప్పుడల్లా నా జుట్టు చెప్పేది కూడా ఇదే" అంది.

సరిచూడ్డానికి ఉప్పు పద్ధతి బాగా పేరున్నది. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీళ్లు కలపాలి. ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. దాన్నీ మీటర్‌నీ గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఎండ తగలని చోట ఒక రాత్రి వదిలేయాలి. డబ్బాలోని గాలి 75 శాతం దగ్గర నిలబడుతుంది. ఇంట్లో 20 డిగ్రీలున్నా 25 ఉన్నా ఆ అంకె దాదాపు మారదు, అదే దీని గొప్ప. ఉప్పు మాత్రం మీటర్ లోహానికి తగలకుండా చూసుకోవాలి.

పొద్దున లేచి చూస్తే ముల్లు 91. పదహారు ఎక్కువ. వెనకున్న చిన్న స్క్రూని స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా తిప్పి 75కి తెచ్చాను. ఎక్కువ తిప్పితే వెంట్రుక తెగుతుందని ఊపిరి బిగబట్టి తిప్పానండీ, ఆఫీసులో సర్వర్ మార్చిన రోజు కూడా అంత టెన్షన్ పడలేదు.

తీరా చూస్తే చేసింది తప్పు. స్క్రూ తిప్పడం తప్పు కాదు, వరస తప్పు. ఇక్కడ చలికాలం బయట మైనస్ 20 ఉన్నప్పుడు హీటింగ్ నడిచే ఇంట్లో తేమ 20 శాతానికి పడిపోతుంది. దానికి తోడు సౌనా వేడి. నెలల తరబడి పొడిగాలిలో ఉన్న వెంట్రుక తన లెక్క తప్పుతుంది, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దానికి మందు స్క్రూ కాదు, నీళ్లు. తడిగుడ్డలో చుట్టి కొన్ని గంటలు తేమ తాగిస్తే వెంట్రుక మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. అది చేశాకే ఉప్పు పరీక్ష పెట్టాలి. నేను జ్వరంతో చిక్కిపోయిన మనిషికి కొలతలు తీసి బట్టలు కుట్టించినట్టు చేశాను.

సరే, తువ్వాలు తడిపి, పిండి, మీటర్ చుట్టూ చుట్టి బాత్రూమ్ నేల మీద పెట్టాను. రెండు గంటల తర్వాత చూస్తే 79. తడిగుడ్డలో 95 దాటాలి. మీటర్ చచ్చిపోయిందనే అనుకున్నాను. విసుగ్గా తువ్వాలు విప్పబోతే చేతికి పొడిగా, వెచ్చగా తగిలింది. ఇక్కడి బాత్రూముల్లో నేల కింద హీటింగ్ ఉంటుంది. నేను తడిగుడ్డని నిదానంగా ఆరబెట్టుకున్నానన్నమాట.

రెండోసారి తువ్వాలు బాగా తడిపి, వంటగది గట్టు మీద, పైన ఒక గిన్నె బోర్లించి పెట్టాను. నాలుగు గంటలకి ముల్లు 87 దగ్గర ఆగి ఇక కదల్లేదు. మొన్న నేను తొందరపడి వెనక్కి తిప్పిన స్క్రూ పుణ్యం అది. గుడ్డ తీసిన వెంటనే, ముల్లు పడిపోయేలోపు, 96కి సర్దాను. ఆ రాత్రి మళ్లీ ఉప్పు డబ్బా. పొద్దున 77. రెండు అంకెల తేడా కోసం మళ్లీ స్క్రూ ముట్టుకోలేదు. ఇలాంటి మీటర్‌లో రెండు అంకెలంటే ముల్లు మందం అంతే, దాన్ని వేధిస్తే చెడేది మనమే.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నాకు కావాల్సింది వంటగదిలో 75 కాదు, 80 డిగ్రీల గదిలో ఎంత అని. బడిలో చదివిన తడి బల్బు, పొడి బల్బు గుర్తొచ్చాయి: గాలి ఎంత పొడిగా ఉంటే తడి చుట్టిన థర్మామీటర్ అంత తక్కువ చూపిస్తుంది, ఆ తేడాతో తేమ లెక్కకట్టొచ్చు. 110 డిగ్రీల దాకా ఉన్న రెండు గాజు థర్మామీటర్లు కొన్నాను. ఒకదాని బల్బుకి, దీపారాధనకి తెచ్చుకున్న పత్తి ఒత్తుల్లోంచి నూనె తగలని కొత్తది తీసి చుట్టాను. తడపడానికి డిస్టిల్డ్ వాటర్. మన దగ్గర బ్యాటరీ నీళ్లు అంటాం కదా, ఇక్కడా దాని పేరు "అక్కువేసి", అంటే అచ్చంగా బ్యాటరీ నీళ్లే! బల్బులకి గాలి ఆడాలి కాబట్టి అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాను. 80 డిగ్రీల్లో తువ్వాలు కట్టుకుని థర్మామీటర్‌కి విసురుతున్న నన్ను చూసి మా ఆవిడ తలుపు మూసేసి వెళ్లిపోయింది.

రాళ్ల మీద నీళ్లు పోయకముందు పొడి బల్బు 80, తడి బల్బు 31. లెక్కకి రెండున్నర శాతం వచ్చింది. మీటర్ 14 అంటోంది. నాలుగు గరిటెల నీళ్లు పోసి, బుస్సుమని లేచిన ఆవిరి, అదే వీళ్లు "లోయ్‌లు" అని మురిసిపోయేది, గదంతా సర్దుకున్నాక చూస్తే తడి బల్బు 40కి ఎక్కింది. 40 డిగ్రీల దగ్గర పూర్తి ఆవిరి పీడనం, అంటే గాలి పట్టగలిగినంత ఆవిరి ఉన్నప్పుడు ఆ ఆవిరి ఒత్తిడి, 7.4 కిలోపాస్కల్. రెండు బల్బుల మధ్య ఒక్కో డిగ్రీ తేడాకి 0.067 చొప్పున 40 డిగ్రీలకి 2.7 తీసేస్తే 4.7. 80 డిగ్రీల దగ్గర పూర్తి పీడనం 47.4. అంటే సరిగ్గా పది శాతం, బావ ఉక్కపోత అంత. మీటర్ మాత్రం 19.

మళ్లీ స్క్రూ తిప్పాలనిపించింది, ఆగాను. ఇక్కడ కిందికి తిప్పితే అక్కడ 75 చెడుతుంది. వెంట్రుక అన్ని చోట్లా ఒకేలా సాగదు. బాగా వేడిలో, బాగా పొడిలో దాని మాట మీద పది అంకెలు తగ్గించుకుని వినాలి. మొదట్లో ఉన్న 60తో పోలిస్తే ఇది ఎంతో నయం. నీళ్లు పోసినప్పుడు ముల్లు కదులుతోంది, ఆలస్యంగానైనా.

ఇప్పుడు నేను చేసేది పెద్దగా ఏమీ లేదు. చలికాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి తడిగుడ్డ, నేల మీద కాకుండా. ఏడాదికోసారి ఉప్పు డబ్బా. వెంట్రుకల మీద దుమ్ము కనిపిస్తే మెత్తటి పెయింట్ బ్రష్‌ని బ్యాటరీ నీళ్లలో ముంచి నెమ్మదిగా తుడుస్తాను. వేలు తగలనివ్వను, చేతి జిడ్డు అంటితే వెంట్రుక తేమ సరిగా పీల్చదు. అందుకే రాళ్ల మీద యూకలిప్టస్ నూనె చుక్కలు వేయడం కూడా మానేశాం. మా ఆవిడకి ఇది నచ్చలేదు, జలుబు చేసినప్పుడు మాత్రం మీటర్‌ని బయట పెట్టి వేసుకోవడానికి ఒప్పందం కుదిరింది. స్నానం అయ్యాక హీటర్ ఇంకో పది నిమిషాలు ఉంచి, తర్వాత తలుపు తెరిచి గది ఆరనిస్తాం. ఇది చెక్కకీ మంచిదే.

పక్కింటి పెద్దావిడకి ఈ కథంతా చెబితే ఓపిగ్గా విని, వాళ్ల సౌనాలో మీటరే లేదంది. చెవులు చురుక్కుమంటే నీళ్లు పోయడం ఆపుతుందట. మీటర్ కింద నేను అంటించిన చీటీ చూపించాను: "14 అంటే రెండున్నర, 19 అంటే పది". ఆవిడ కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, మరి మీటర్‌ని ఎందుకు ఉంచావని అడిగింది. అందంగా ఉందని చెప్పాను.