రాళ్లకే గుర్తున్న రాజ్యం

టోల్కీన్ నవల లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌ని ఎన్నిసార్లు తిరగేసినా నేను ఒక చోట ఆగిపోతాను. చీకటి ప్రభువు సౌరోన్ చేసిన ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్తున్న తొమ్మిదిమంది చలికాలంలో హాలిన్ అనే నిర్మానుష్యమైన ప్రాంతానికి చేరుకుంటారు. మంచి రోజుల్లో ఇక్కడ చాలామంది ఎల్ఫ్‌లు, అంటే మనుషుల్లాంటి ఓ ప్రాచీన జాతివాళ్లు, ఉండేవాళ్లని వాళ్లలోని మాంత్రికుడు గాండాల్ఫ్ అంటాడు. ఆ తొమ్మిదిమందిలో ఉన్న లెగోలాస్ కూడా ఎల్ఫే గానీ అడవి ఎల్ఫ్, ఇక్కడ ఒకప్పుడు ఉండి వెళ్లిపోయినవాళ్లు వేరే తెగ. చెట్లకీ గడ్డికీ వాళ్లు గుర్తే లేరనీ, రాళ్లు మాత్రం ఇంకా ఏడుస్తున్నాయనీ, తమని లోతు నుంచి తవ్వి తీసి అందంగా చెక్కి ఎత్తుగా కట్టినవాళ్లు వెళ్లిపోయారని అవి తమలో తాము చెప్పుకుంటున్నాయనీ లెగోలాస్ అంటాడు. అంతే, కథ ముందుకెళ్లిపోతుంది. నేను మాత్రం ఆ రాళ్ల దగ్గరే ఉండిపోతాను.

ఆ హాలిన్ పాత పేరు ఎరెగియోన్, ఎల్ఫ్‌ల రాజ్యం. పుస్తకం చివర టోల్కీన్ ఇచ్చిన సంవత్సరాల పట్టికలో దాని బతుకంతా కొన్ని లైన్లలో అయిపోతుంది. రెండో యుగం 750లో మొదలైంది, 1697లో నాశనమైంది. మొత్తం 947 ఏళ్లు. మన లెక్కలో అది ముప్పై నలభై తరాలు, పునాది వేసినవాడి పేరు కూడా మర్చిపోయేంత కాలం. ఎల్ఫ్‌లకి ముసలితనంతో చావు రాదు. అంటే మొదటి రాయి పెట్టిన చేతులే చివరి రోజున కత్తి పట్టి ఉండొచ్చు. ఈ సంగతి తట్టాక ఆ పట్టికని మామూలుగా చదవడం నా వల్ల కాలేదు.

వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారంటే, మిథ్రిల్ అనే అపురూపమైన లోహం కోసం. పక్కనే మబ్బుల కొండల కింద మరుగుజ్జుల మహానగరం ఖజద్-దూమ్, తర్వాత మోరియా అని పేరుపడినది, అక్కడ మిథ్రిల్ దొరికిందని తెలిసి పడమటి తీరంలోని లిండోన్ నుంచి ఎల్ఫ్‌లలో నోల్డోర్ తెగవాళ్లు కొందరు కదిలొచ్చారు. లోహాలన్నా రాళ్లన్నా ప్రాణం పెట్టే జాతి అది. ఒస్త్-ఇన్-ఎధిల్ అని నగరం కట్టుకున్నారు, అక్కడి నుంచి ఖజద్-దూమ్ పడమటి ద్వారం దాకా రోడ్డు వేసుకున్నారు. వాళ్ల కమ్మరుల సంఘానికి గ్వైత్-ఇ-మీర్దైన్ అని పేరు. అందరిలోకీ పెద్ద పనివాడు కెలెబ్రింబోర్. (ఇతను ఎవరి కొడుకు అన్నదానిపై టోల్కీనే ఒక్కో రాతప్రతిలో ఒక్కో రకంగా రాశారు. సిల్మరిల్స్ అనే మహారత్నాలు చేసిన ఎల్ఫ్ ఫెయనోర్ మనవడన్నదే ఎక్కువమందికి తెలిసిన కథ.)

ఇక ఆ ద్వారం. మూసి ఉంటే అక్కడ తలుపుందని కూడా తెలియదు, ఒట్టి కొండ గోడ. గాండాల్ఫ్ దాన్ని చేత్తో తడిమి ఏవో మాటలు గొణిగాక, వెన్నెల పడేకొద్దీ సన్నని వెండి గీతలు ఒక్కొక్కటే తేలుతాయి. మిథ్రిల్‌తో చేసిన ఇథిల్దిన్ అనే పదార్థంతో గీసిన గీతలవి, వెన్నెలకీ నక్షత్రాల వెలుగుకీ తప్ప కనిపించవు. సుత్తీ దాగలీ, వాటి పైన ఏడు నక్షత్రాలతో కిరీటం, ఇవి మరుగుజ్జుల రాజు దురిన్ గుర్తులు. రెండు పక్కలా చెరో చెట్టు. నడిమధ్యన కిరణాలు చిమ్మే ఒంటి నక్షత్రం, అది ఫెయనోర్ వంశానిది. రెండు జాతుల గుర్తులు ఒకే తలుపు మీద! టోల్కీన్ ప్రపంచం గురించి కాస్త తెలిసినా ఇదెంత అరుదో అర్థమవుతుంది, మిగతా చోట్ల వీళ్లిద్దరూ పాత పగలు తవ్వుకుంటూనే ఉంటారు. కింద పనివాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. తలుపులు చేసింది నార్వి, మరుగుజ్జు. గుర్తులు గీసింది హాలిన్‌కి చెందిన కెలెబ్రింబోర్. తలుపు తెరుచుకోవాలంటే అనాల్సిన మాట ఎల్ఫ్‌ల భాషలో 'మెల్లోన్', అంటే స్నేహితుడు. ఆ మాట తలుపు మీదే రాసి ఉంటుంది. అంత తెలిసిన గాండాల్ఫ్‌కే అది చప్పున తట్టదు. మంత్రాలన్నీ వల్లెవేసి విసిగిపోయాక గానీ వెలగదు. అనుమానాల కాలంలో బతికేవాడికి అంత తేలికైన తాళం ఉంటుందని ఎలా తోస్తుంది?

ఎరెగియోన్ గొప్పతనం అంటే నా దృష్టిలో ఆ తలుపే. ఉంగరాలు ఆ తర్వాతే.

1200 ప్రాంతంలో అన్నతార్ వచ్చాడు. పేరుకి 'కానుకల ప్రభువు', చూడ్డానికి అందగాడు, మహా పనితనం తెలిసినవాడు. లోపల ఉన్నది సౌరోన్. లిండోన్‌లో రాజు గిల్-గలద్ అతన్ని గడప తొక్కనివ్వలేదు, ఎరెగియోన్ కమ్మరులు రానిచ్చారు. చాలామంది ఇక్కడ అధికారం మీద ఆశ అని తేల్చేస్తారు, నేను ఒప్పుకోను. అతను వాళ్లకి సింహాసనాలేమీ చూపించలేదు. మీరు ప్రేమించే ఈ నేల ఇలా పాడుబడి ఎందుకుండాలి, సముద్రం అవతల దేవతల భూమి ఎంత అందంగా ఉందో దీన్నీ అలా చేసుకోవచ్చు కదా అన్నాడు. సరిగ్గా గాయం మీద చెయ్యి పెట్టాడు.

ఆ గాయం ఏంటంటే, ఎల్ఫ్ చావడు, కానీ చుట్టూ ఉన్నదంతా చస్తూనే ఉంటుంది. నాటిన చెట్టు, నేస్తం కట్టిన మరుగుజ్జు, పాటలు నేర్పిన మనిషి, అన్నీ తన కళ్ల ముందే రాలిపోతాయి. పడమటికి ఓడెక్కితే వాడిపోని లోకం ఉంది గానీ, అక్కడికి పోతే ఈ నేలని వదులుకోవాలి. వాళ్లకి రెండూ కావాలి. ఈ నేలా కావాలి, ఇది వాడిపోకుండానూ ఉండాలి. ఎల్ఫ్‌ల చేతిపని క్రమంగా ఒకరకంగా శవాన్ని పాడవకుండా దాచే పనిలా మారిపోయిందని టోల్కీన్ ఒక ఉత్తరంలో రాశారు. ఆ మాట చదివిన రోజు నాకు కోపమొచ్చింది, వాళ్ల మీద అంత కఠినంగా మాట్లాడాలా అనిపించింది. తర్వాత ఉంగరాలు ఏం చేసేవో మళ్లీ చదివితే ఆయన అన్నది నిజమేననిపించింది. వాటి అసలు పని క్షయాన్ని ఆపడమే.

1500 ప్రాంతంలో ఉంగరాల పని మొదలైంది. మరుగుజ్జులకి చేరిన ఏడూ, మనుషులకి చేరిన తొమ్మిదీ, మొత్తం పదహారు, అన్నతార్ సాయంతో చేసినవే. మూడింటిని మాత్రం కెలెబ్రింబోర్ ఒక్కడే చేశాడు, 1590 ప్రాంతంలో పూర్తయ్యాయి. నార్య, నెన్య, విల్య. వాటిని సౌరోన్ తాకలేదు. కానీ విద్య అతను నేర్పిందేగా, అందుకే 1600 ప్రాంతంలో అతను రహస్యంగా చేసుకున్న ఒక్క ఉంగరం వీటిని కూడా కట్టిపడేసింది. అతను దాన్ని వేలికి పెట్టుకున్న క్షణంలోనే ఎల్ఫ్‌లకి తెలిసిపోయింది. తమవి తీసేశారు. ఎంతో కాలం పక్కన కూర్చుని పని నేర్పినవాడు ఎవరో ఆ ఒక్క క్షణంలో అర్థమైన కమ్మరి ముఖం ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

1693లో సౌరోన్‌తో యుద్ధం మొదలైంది, మూడు ఉంగరాలనీ దాచేశారు. 1697లో నగరం పడిపోయింది. తమ సంఘం భవనపు మెట్ల మీద నిలబడి కెలెబ్రింబోర్ స్వయంగా సౌరోన్‌ని ఎదిరించాడు, పట్టుబడ్డాడు. చిత్రహింసలకి ఏడు ఉంగరాల సంగతి చెప్పాడు గానీ మూడింటి గురించి మాత్రం నోరు విప్పలేదు. బాణాలు దిగిన అతని శరీరాన్ని కర్రకి వేలాడదీసి జెండాలా మోస్తూ సౌరోన్ యుద్ధానికి కదిలాడు. ఆ రోజు ఖజద్-దూమ్ మరుగుజ్జులు బయటికొచ్చి శత్రువుని వెనకనుంచి కొట్టకపోయి ఉంటే, లిండోన్ నుంచి సాయానికొచ్చిన ఎల్ఫ్ నాయకుడు ఎల్రోండ్ సైన్యం కూడా మిగిలేది కాదు. తలుపు మీద రాసుకున్న మాట నిలబెట్టుకున్నారు. తర్వాత ఖజద్-దూమ్ తలుపులు మూసుకున్నాయి. ఎల్రోండ్ ఉత్తరానికి తప్పుకుని రివెండెల్ కట్టాడు.

ఆ మూడు ఉంగరాలూ దాదాపు 4,760 ఏళ్ల తర్వాత కూడా పని చేస్తూనే ఉన్నాయి. విల్యతో రివెండెల్, నెన్యతో గలాద్రియెల్ ఉండే లోత్లోరియెన్ వాడిపోకుండా నిలిచాయి. ఉంగరం మోసే ఫ్రోడో లోత్లోరియెన్‌లో అడుగుపెట్టినప్పుడు ఎప్పుడో పోయిన కాలంలోకి వచ్చినట్టుంటుంది. అక్కడి ఆకుల రంగు, వెలుతురు అన్నీ కెలెబ్రింబోర్ చేతిపని పుణ్యమే. మూడో యుగం 3019లో ఒక్క ఉంగరం కరిగిపోగానే ఆ పుణ్యం కూడా తీరిపోయింది. 3021లో గలాద్రియెల్, ఎల్రోండ్ ఓడెక్కారు. అది ప్రశాంతమైన వీడ్కోలని అందరూ అంటారు. నాకు మాత్రం అక్కడ ఒస్త్-ఇన్-ఎధిల్ రెండోసారి పడిపోయినట్టుంటుంది.

ఆ తలుపు దగ్గర ఇంకోటి కూడా మిగిలింది. రోడ్డు చివర, తమ రాజ్యపు హద్దు అక్కడని తెలిసేలా ఎరెగియోన్‌వాళ్లు హాలీ అనే ముళ్ల ఆకుల చెట్లు నాటారు. హాలీ వాళ్ల దేశపు గుర్తు. వాటిలో రెండు, బాగా ఎత్తుగా పెరిగినవి, తలుపుకి రెండు పక్కలా ఇంకా నిలబడే ఉన్నాయి. నగరం పోయినా, మరుగుజ్జులు పోయినా, రోడ్డు గడ్డిలో కలిసిపోయినా అవి ఉన్నాయి. 3019 జనవరిలో తొమ్మిదిమందీ తలుపు తీసి లోపలికి వెళ్లగానే చెరువులోని జంతువు చేతులు చాపి తలుపులు మూసేసి, ఆ రెండు చెట్లనీ పెకలించి అడ్డంగా పడేసింది. లోపల చీకట్లో గాండాల్ఫ్ ఆ చప్పుళ్లు విన్నాడు. అప్పటికి వాళ్ల వెనక దారి పూర్తిగా మూసుకుపోయింది, ముందు ఏముందో తెలియదు. అలాంటప్పుడు కూడా అతను చెట్ల గురించి బాధపడ్డాడు. అందమైన చెట్లు, ఎంతో కాలంగా నిలబడి ఉన్నాయి అన్నాడు.