చార్జరు వద్దన్న బ్యాటరీ

ఆ సాయంత్రం షెడ్డులో థిన్నర్ వాసన వచ్చింది. పాలిష్ పని జరిగే చోట థిన్నర్ వాసన వస్తే ఎవరు పట్టించుకుంటారు? మా మేనల్లుడు మాత్రం చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, "మావయ్యా, ఇవాళ మనం డబ్బా మూతే తియ్యలేదుగా" అన్నాడు. ఆ మాట వాడికి తోచకపోతే ఈ షెడ్డు ఇవాళ ఉండేది కాదు.

నరసరావుపేటలో ఇరవై రెండేళ్లుగా వడ్రంగి పని చేస్తున్నాను. గుమ్మాలు, తలుపులు, మంచాలతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఎక్కువగా కబోర్డులూ కిచెన్ పనీ. బ్యాటరీ డ్రిల్లు నా చేతికొచ్చి ఆరేళ్లయింది. అంతకుముందు మీటరు కూడా రాని కొత్త ఇంట్లో పనంటే పక్కింటివాళ్లని బతిమాలి, గోడ మీదుగా అతుకుల వైరు లాగి, తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి చేసేవాళ్లం. ఆ బాధ తప్పింది. ఇప్పుడు డ్రిల్లు, స్క్రూలు బిగించే ఇంపాక్టు, చిన్న సర్క్యులర్ రంపం, నాలుగంగుళాల గ్రైండరు, అన్నీ 18 ఓల్టుల బ్యాటరీ మిషన్లే. అవంటే నాకు ప్రాణం. కాబట్టి ఇదంతా వాటిని కొనొద్దని చెప్పడానికి రాయడం లేదు.

జరిగింది ఇది. సంక్రాంతి తర్వాత ఒక పెద్ద ఇంటి గుమ్మాల పని పట్టాను. అంతా టేకు, బరువైన కొయ్య, వైరున్న పెద్ద కరెంటు మిషన్ల మీదే నాలుగు నెలలు నడిచింది. ఒక 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ ఎంత చార్జింగు పట్టుకుంటుందో చెప్పే లెక్క) బ్యాటరీని ఆఖరి చుక్కదాకా వాడేసి అలాగే ఇనప పెట్టెలో పడేశాను. రేకుల షెడ్డు, అందులో ఇనప పెట్టె. మాది పల్నాడు. రెంటచింతల ఎండల సంగతి అందరికీ తెలిసిందే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ కార్తెలోనే ఆ బ్యాటరీ బయటికి తీశాను. చార్జరుకి తగిలిస్తే లైటు టపటపా కొట్టుకుందే తప్ప చార్జింగు ఎక్కలేదు. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. అదే వరస.

కొత్తది కొనాలంటే వేలతో పని. బజార్లో సెల్‌ఫోన్లూ స్పీకర్లూ బాగుచేసే కుర్రాడికి చూపిస్తే, "బాగా దిగిపోయింది అన్నా, జంప్ ఇస్తే లేస్తుంది" అన్నాడు. నిండుగా ఉన్న నా ఇంకో బ్యాటరీ తీసుకుని, రెండు వైరు ముక్కలతో దీనికి తగిలించి కాసేపు పట్టుకున్నాడు. తగిలించినప్పుడు చిటుక్కున నిప్పురవ్వ లేచింది. తర్వాత చార్జరుకి పెడితే లైటు మామూలుగా వెలిగింది. ఐదువేలు మిగిలాయని సంతోషంగా ఇంటికొచ్చాను. మా వైపు పనివాళ్లలో సగంమంది ఇలా జంప్ ఇచ్చిన బ్యాటరీలతోనే పని చేస్తున్నారు. వాళ్లు చదవాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నాలుగు రోజులు బాగానే పని చేసింది. చార్జింగులో కాస్త ఎక్కువ వేడెక్కేది. ఎండాకాలం కదా అనుకున్నాను. ఐదో రోజు సాయంత్రం గ్రైండరులోంచి తీసి, వేడి వేడిగా ఉండగానే చార్జింగు పెట్టాను. పెట్టింది ఎక్కడా? పని బల్ల మీద, చుట్టూ రంపపు పొట్టు, పక్కన ప్లైవుడ్ ముక్కలు. మేం బయట అరుగు మీద టీ తాగుతున్నాం.

లోపలికి వెళ్లేసరికి థిన్నర్ లాంటి ఆ తియ్యటి ఘాటు వాసన గుప్పుమంది. బ్యాటరీ అతుకులోంచి బుస్సుమని చప్పుడు, సన్నగా తెల్లటి పొగ. ముందు బోర్డు దగ్గరికి పోయి స్విచ్చి ఆపాను. పార తెచ్చి, చార్జరుతో సహా బ్యాటరీని దాని మీదికి లాక్కుని, చేయి చాపినంత దూరాన పట్టుకుని వాకిట్లో మట్టి మీద పడేశాను. పడీ పడగానే 'ఫట్' మని పగిలి జానెడు ఎత్తున మంట లేచింది. ఒక సెల్లు తారాజువ్వలా గోడ దాకా ఎగిరింది. పైపు అందుకుని దూరం నుంచి నీళ్లు కొడుతూనే ఉన్నాను. ఆరిపోయిందనుకున్న అరగంటకి మళ్లీ పొగ, మళ్లీ ఇంకో సెల్లు పేలింది. ఆ రాత్రంతా నీళ్ల తొట్టి పక్కనే మంచం వేసుకుని పడుకున్నాను.

బల్ల మీద చెయ్యంత మేర కొయ్య నల్లబడింది, అంతే. మేనల్లుడు పొగ పీల్చి దగ్గుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఈ బ్యాటరీల పొగ మామూలు పొగ కాదు, ఊపిరితిత్తుల్ని కాల్చే విషవాయువులుంటాయట. అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుందని తర్వాత తెలిసింది. పొగ మొదలయ్యాక దాన్ని పారతో ఎత్తడం కూడా తప్పే. నేను ఎత్తిన క్షణానికి ఇంకా మంట రాలేదు గనక బతికిపోయాం. అలాంటప్పుడు చెయ్యాల్సింది మనుషుల్ని బయటికి పంపడం, ఫైరింజనుకి ఫోన్ చెయ్యడం.

వారం తర్వాత గుంటూరులో మిషన్ల సర్వీసు చేసే ఒక పెద్దాయన దగ్గరికి కాలిపోయిన బ్యాటరీ పట్టుకెళ్లాను. ఆయన తిట్టలేదు. చచ్చిపోయిన ఇంకో బ్యాటరీని విప్పి బల్ల మీద పరిచి చూపించాడు. లోపల పది సెల్లులు, ఒక్కోటి 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, మన గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లు కంటే కాస్త పెద్దవి. ఐదు సెల్లులు వరసగా ఒక జట్టు, అలాంటి జట్లు రెండు. సెల్లుల మధ్య వేడి కనిపెట్టే చిన్న పూస ఒకటి, పైన ఒక సర్క్యూట్ బోర్డు.

"ఒక్కో సెల్లు మూడున్నర పైచిలుకు ఓల్టులు, ఐదు కలిస్తే 18. నిండా చార్జ్ అయితే ఒక్కోటి 4.2, అంటే మొత్తం 21. కింద రెండున్నర దాకా దిగొచ్చు, అంతకంటే కిందికి దిగితే అది సెల్లు కాదు బాబూ, రోగి" అన్నాడు. సెల్లులో రాగి రేకు ఉంటుంది. ఓల్టేజీ బాగా దిగిపోయి నెలల తరబడి అలా ఉంటే ఆ రాగి కరిగి లోపలి ద్రవంలో కలుస్తుంది. మళ్లీ చార్జింగు ఎక్కించినప్పుడు ఆ రాగే ముళ్లలా పేరుకుని సెల్లు లోపలే షార్టు చేస్తుంది. ఆ ముళ్లు పెరగడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. నాకు పట్టిన ఐదు రోజులూ అవే.

"చార్జరు లైటు కొట్టుకుంటే పాడైందనుకుంటారు మీరు. అది బ్యాటరీ నాడి చూసి, దీనికి తిండి పెట్టను అని చెప్తోంది. మీరు దాని కళ్లకి గంతలు కట్టి పెట్టారు" అన్నాడు. నిజమే. వైరు ముక్కలతో మేం చేసింది అదే. బోర్డుకి, పూసకి, చార్జరుకి ఎవరికీ తెలియకుండా దొడ్డిదారిన కరెంటు తోశాం. రెండు బ్యాటరీల మధ్య ఎంత కరెంటు పారాలో ఆపేవాడు కూడా లేడు.

నా సంచిలో ఇంకో రెండు బ్యాటరీలున్నాయి, బజార్లో చవగ్గా వచ్చాయని కొన్నవి. పైన పెద్ద అక్షరాలతో 88 అని ఉంది. అవి 88 ఓల్టులని, కంపెనీ 18 కంటే బలమైనవని నేను మూడు నెలలుగా అందరికీ చెప్తున్నాను. ఆయన నిండా చార్జ్ చేసి మీటరు పెట్టాడు. 20.6. లోపల అవే ఐదు సెల్లుల వరస. 88 ఉత్త బొమ్మ. పైన 5 ఏహెచ్ అని రాసి ఉంది, చేత్తో పట్టుకుంటే కంపెనీదానికి సగం బరువు లేదు. విప్పితే ఒకటే జట్టు సెల్లులు, వేడి చూసే పూస లేనే లేదు. అప్పట్నించి ఎవరైనా బ్యాటరీ చూపిస్తే ముందు బరువు చూస్తాను.

షెడ్డుకి తిరిగొచ్చి మొదట చేసిన పని చార్జింగుకి ఒక చోటు కట్టడం. ఉత్తరం గోడ వైపు, పొట్టుకి దూరంగా, రెండు ఇటుకల వరసల మీద కడప బండ ఒకటి పరిచాను. పైన, పక్కన కొయ్య లేదు, గుడ్డ లేదు. థిన్నరూ పాలిష్ డబ్బాలూ అవతలి గదిలోకి మారాయి. స్విచ్చి బండకి ఆరడుగుల దూరంలో ఉంది, ఏదన్నా అయితే దగ్గరికి పోకుండా ఆపొచ్చు. షెడ్డు తాళం వేశాక చార్జింగు ఉండదు. రాత్రి చార్జింగు అసలు లేదు.

ఎండాకాలంలో వేళ కూడా మార్చాను. నా చార్జరు పుస్తకంలో 40 డిగ్రీలు దాటితే చార్జింగు పెట్టొద్దనీ, 50 డిగ్రీలకి చేరే చోట బ్యాటరీని ఉంచొద్దనీ స్పష్టంగా ఉంది. ఆరేళ్లుగా ఆ పుస్తకం అట్టపెట్టెలోనే ఉంది, తెరిచి చూడలేదు. మే నెల మధ్యాహ్నం మా రేకుల కింద 40 ఎప్పుడో దాటుతుంది. అందుకని పొద్దున ఏడింటికి ఒక విడత, పొద్దు వాలాక ఒక విడత. పని చేసిన బ్యాటరీని నీడన పెట్టి, అరచేయి ఆనిస్తే చల్లగా తగిలేదాకా ఆగుతాం. బండి డిక్కీలో, ఆటోలో ఎండకి వదిలెయ్యడం మానేశాం. గ్రైండరుకి చిన్న 2 ఏహెచ్ బ్యాటరీ తగిలించడం కూడా మానేశాం. ఒకటే జట్టు సెల్లులు ఆ బరువంతా మొయ్యాలి గనక నిమిషాల్లో బాగా వేడెక్కిపోతుంది. దానికి ఎప్పుడూ పెద్దదే.

చేతుల సంగతి కూడా ఒకటి చెప్పాలి. బ్యాటరీ ప్రమాదం రోజూ జరగదు, ఇది రోజూ జరగొచ్చు. వైరు మిషన్‌కి బ్లేడు మార్చాలంటే చెయ్యి దానంతటదే ప్లగ్గు పీకుతుంది. బ్యాటరీ మిషన్‌కి ప్లగ్గు లేదు, ఆ అలవాటు పోయింది. ఒకరోజు మేనల్లుడు సర్క్యులర్ రంపం ఒళ్లో పెట్టుకుని పళ్ల బ్లేడు విప్పుతున్నాడు. పానా తిప్పుతున్న చెయ్యి జారి ట్రిగ్గరుకి అంగుళం దూరంలో ఆగింది. బ్యాటరీ లోపలే ఉంది. నా గొంతు పెగల్లేదు. దగ్గరికెళ్లి బ్యాటరీ ఊడదీసి వాడి చేతిలో పెట్టాను. ఇప్పుడు బిట్టు మార్చినా, బ్లేడు మార్చినా, సంచిలో పెట్టినా ముందు బ్యాటరీ బయటికి రావాలి. ఊడదీసిన బ్యాటరీ పనిచేసే చేతిలో కాదు, ఎడం పక్క నేల మీద ఉండాలి.

ఇంకోటి, పాత ఇళ్లలో గోడకి కన్నం వేసేటప్పుడు లోపల కరెంటు వైరు తగిలితే, మన మిషన్‌కి వైరు లేదు గదా అని ధీమా వద్దు. గోడలోని 230 ఓల్టులు బిట్టు మీదుగా, దాన్ని పట్టి ఉంచే చక్కుదాకా వస్తాయి. అలాంటి చోట మెయిన్ ఆపించి గానీ నేను డ్రిల్లు ఎత్తను. మెడలో తుండు తీసి పక్కన పెట్టమని కూడా వాడికి చెప్తాను. తిరిగే చక్కుకి గుడ్డ దొరికితే వదలదు.

స్క్రూల డబ్బాలో బ్యాటరీ వేసే అలవాటూ పోయింది. రెండు అంగుళాల స్క్రూ ఒకటి రెండు కొనల మధ్య అడ్డం పడితే చాలు, ఎర్రగా కాలుతుంది. బ్యాటరీలతో వచ్చే పసుపుపచ్చ మూతల్ని మొదట్లో పారేశాం, ఇప్పుడు ఊడిన ప్రతి బ్యాటరీకి మూత ఉండాల్సిందే. మా దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్రాడు దుబాయ్ పనికి పోతూ తన మిషను తీసుకెళ్లాలనుకుంటే లెక్క వేసి చూపించాను: 18 ఓల్టులు, 5 ఏహెచ్, హెచ్చిస్తే 90 వాట్ అవర్లు. విమానంలో 100 దాకా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. కానీ విడి బ్యాటరీ చేతి సంచిలోనే ఉండాలి, కింద సామానులో వెయ్యకూడదు, కొనలు టేపుతో మూసి ఉండాలి. డ్రిల్లు మాత్రం కింద సామానులోకి.

చివరికి మిగిలింది చచ్చిన బ్యాటరీలు. ఆ 88లు రెండు, కాలిన దాని మిగులు, ఇంకో మూడు పాతవి. పాత ఇనప సామాన్ల కొట్టువాడు కిలో లెక్కన తీసుకుంటానన్నాడు. సుత్తితో పగలగొట్టి నికెల్ రేకులు తీస్తానని వాడే చెప్పాడు. సెల్లు పగిలితే ఏమవుతుందో కళ్లారా చూసినవాణ్ణి, ఇవ్వలేదు. చెత్తబండిలో వెయ్యడం అంతకన్నా ఘోరం, లారీలో నలిగితే చెత్తతో సహా అంటుకుంటుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత అమ్మిన కంపెనీలదే, వాటిని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వడం మన బాధ్యత. ఈ సంగతి గుంటూరు పెద్దాయనే చెప్పి, తీసుకురమ్మన్నాడు.

ఒక్కో బ్యాటరీ కొనలకి రెండు చుట్లు ఎలక్ట్రికల్ టేపు వేశాను. పెద్ద మట్టికుండలో పొడి ఇసుక పోసి, ఒకదానికొకటి తగలకుండా పూడ్చి, పొద్దున్నే చల్లపూట ఆటోలో గుంటూరు తీసుకెళ్లాను. ఆయన లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుని, కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

అక్కడే 4 ఏహెచ్‌వి రెండు కొత్తవి కొన్నాను. ఇంటికి తెచ్చాక మేనల్లుడు మార్కరు తీసి వాటి అడుగున కొన్న నెలా సంవత్సరమూ రాశాడు. పని లేని నెలల్లో వాటిని రెండు గీతల చార్జింగుతో ఇంటి లోపల, ఉత్తరపు గదిలో పెడుతున్నాం. నెలకోసారి తీసి గీతలు చూడటం వాడి వంతు.