ఆ మూడోవాడు

మా పాత డ్రమ్మర్ ఈ సాయంత్రం కూతురి ఓణీల వేడుకకు పిలవడానికి భార్యతో కలిసి వచ్చి, మా అమ్మాయి అడిగిందే తడవుగా, 2001 నాటి మా పంక్ (బిగ్గరగా, వేగంగా, మొరటుగా వాయించే రాక్) బ్యాండ్ కథను మళ్లీ ఎత్తుకున్నాడు. వినాయక చవితి మండపంలో పాట మొదలుపెట్టామట, జనం ఊగిపోయారట, సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందట. ఇంటిల్లిపాదీ కడుపుబ్బ నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ, పదకొండు దాటినా నిద్ర పట్టక ఇలా కూర్చున్నాను.

కరెంటు పోలేదు. కమిటీ పెద్దాయన స్టేజీ వెనక నుంచి వచ్చి, యాంప్లిఫయర్ వైరును ఊడబెరికి, హారతి వేళకు ఈ శోకాలేమిటని మైకు అవసరం లేకుండానే వీధి చివరిదాకా వినపడేలా తిట్టాడు. ఇందులో దాచుకోవలసినంత సిగ్గేమీ లేదు. పంక్ పాటకు జరగవలసిన మర్యాదే జరిగింది. అటువంటి గొప్ప ముగింపును విద్యుత్ శాఖకు ధారపోయడమేమిటని నాకు మొదట ఒళ్లు మండింది.

అయితే రాస్తూ ఉంటే మా డ్రమ్మర్ వైపు న్యాయం కూడా కనిపిస్తున్నది. ఆ అహూజా కంపెనీ యాంప్లిఫయర్ వాడి నాన్నగారిది. మల్కాజిగిరిలోని వాళ్ల టెంట్ హౌస్ గోడౌన్‌లో, మడిచిపెట్టిన షామియానాలకూ ఇనుప కుర్చీలకూ నడుమ మేము సాధన చేసేవాళ్లం. మైకు పెట్టే సాకెట్‌లో నా గివ్‌సన్ గిటారు పికప్ వైరు గుచ్చి వాల్యూమ్ పూర్తిగా తిప్పితే, యాంప్లిఫయర్ ఆ ధాటిని మోయలేక ధ్వనిని చీల్చి బయటకు వదిలేది. మాకు కావలసింది ఆ చీలికే. స్పీకర్లు మాడిపోతాయని వాళ్ల నాన్నగారు పెట్టిన చీవాట్లన్నీ తిన్నది నేను కాదు, వాడు. కాబట్టి కరెంటు పోయిందని చెప్పుకునే స్వేచ్ఛ వాడికి ఉన్నదనే అనుకుంటాను.

నాకు అసలు గుచ్చుకున్నది వేరే మాట. కథ పొడుగునా వాడు ‘మేమిద్దరం’ అన్నాడు. ముగ్గురం కదరా అని నేను అడ్డుపడితే, ‘ఆఁ, వాడొకడున్నాడులే’ అని చెయ్యి విదిలించి ముందుకు సాగిపోయాడు.

సంగీతమంటూ తెలిసింది ఆ ఒక్కడికే. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకున్నవాడు. బేస్ గిటారు కొనే స్తోమత లేక, మామూలు గిటారుకు సన్నని తీగలు రెండూ విప్పేసి, మిగిలిన నాలుగింటి మీద వాయించేవాడు. బేస్ గిటారులో కూడా ఆ నాలుగు స్వరాలే ఉంటాయి, ఒక స్థాయి కింద మోగుతాయి, అంతే. ప్రతి ఆదివారం శ్రుతిపెట్టె వెంట తెచ్చి, ముందు నా తీగలను దానితో కలిపించి, తరువాతే మమ్మల్ని అరవనిచ్చేవాడు. నేను గొప్పగా నేర్చుకువచ్చిన పవర్ కార్డ్‌ను (రాక్ గిటారులో రెండు స్వరాలను కలిపి మోగించే పద్ధతిని) ఒకసారి విని, ‘ఇది తంబూరా మీటే షడ్జమ పంచమాలే కదా, ఇందులో కొత్తేముంది’ అన్నాడు. గాంధారాన్ని కూడా కలిపితే ఆ చీలిన ధ్వనిలో స్వరాలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుని ముద్దగా వినపడతాయనీ, అందుకే రాక్ వాళ్లు దాన్ని తీసేశారనీ తేల్చింది వాడే. అమెరికా నుంచి మా పెద్దనాన్న కొడుకు తెచ్చిన రామోన్స్ అనే పంక్ బృందం క్యాసెట్‌ను నేను ఎన్నిసార్లు అరగదీసినా నాకు తట్టని సంగతి అది. (ఆ బృందం గాయకుడు జోయీ అదే ఏడాది ఏప్రిల్‌లో పోయాడని మాకు చాలాకాలం తెలియదు.) వాళ్ల 1976 నాటి తొలి ఆల్బమ్‌లోని 14 పాటలూ అరగంట లోపే అయిపోతాయి గనుక, మన పాట రెండు నిమిషాలు దాటకూడదని వాడే షరతు పెట్టాడు.

మాటలూ వాడివే. ఇంటర్ హాస్టల్ గంట మీద కట్టాడు: ‘నాలుగున్నరకి లేవను, లేవను, లేవను!’ మూడో ‘లేవను’ దగ్గర డ్రమ్ములు ఆగాలి, గిటారు ఆగాలి, వాడి బేస్ ఒక్కటే నడవాలి. మండపంలో ఆ చోటు వచ్చేసరికి ముందు వరుసలో ప్రసాదం కోసం నిలబడిన పిల్లలు మాకంటే ముందే అరిచారు. ఆ తరువాతే పెద్దాయన వచ్చాడు.

పిల్లలు అరిచింది పాటలోని మాటలకు, ఆ మాటలు కట్టినవాడు కథలో లేడు. కరెంటు పోయిందంటే సర్దుకుపోవచ్చు గానీ, ఇది సర్దుకుపోయేది కాదు. ఇంటర్ తరువాత వాడు ఎటు వెళ్లాడో మా ఇద్దరికీ తెలియదు. తెలియనివాణ్ణి కథలోంచి తీసేయడం సులువే, కానీ వాణ్ణి తీసేస్తే మిగిలేది స్పీకర్లు మాడ్చిన ఇద్దరు కుర్రాళ్లు.

ఇంతలో డ్రమ్మర్ మెసేజ్ వచ్చింది. ఓణీల వేడుకలో ఆర్కెస్ట్రా వాళ్లుంటారట, చివర్లో ఆ పాట ఒకసారి వాయిద్దామట. బేస్ వాయించేవాణ్ణి వెతికి పట్టుకుంటేనే నేను స్టేజీ ఎక్కుతానని రాశాను.

‘కీబోర్డులో బేస్ ఉంటుంది కదరా’ అని జవాబిచ్చాడు.