హిరణ్యకశిపుడు నాస్తికుడు కాడు

మొన్న రథసప్తమికి వారం ముందు మా వీధి రామమందిరంలో ప్రవచనం పెట్టించారు. చెప్పినాయన గొంతు బాగుంది, పద్యం నోట్లో చక్కగా పలుకుతుంది. ప్రహ్లాద చరిత్ర మధ్యలో ఆగి, "ఈ రోజుల్లో నాస్తికులమని చెప్పుకు తిరుగుతున్నారే, వాళ్ళెవరో తెలుసా? హిరణ్యకశిపుడి సంతానం!" అన్నారు. చప్పట్లు మోగాయి. హిరణ్యకశిపుడి సంతానమంటే ప్రహ్లాదుడే కదా అని ఆయనకూ తట్టలేదు, చప్పట్లు కొట్టినవాళ్ళకూ తట్టలేదు. ముందు వరసలో కూర్చున్న నాకు తట్టింది గానీ నోరు పెగల్లేదు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని, లేచి ఒక్క ముక్క అడగలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

హిరణ్యకశిపుడు నాస్తికుడు కాడండీ. ఘోరమైన తపస్సు చేసి బ్రహ్మదేవుణ్ణి ఎదురుగా చూసినవాడు, మాట్లాడినవాడు, వరం పుచ్చుకున్నవాడు. తోడబుట్టినవాణ్ణి వరాహరూపంలో వచ్చి చంపాడని విష్ణువు మీద పగబట్టినవాడు. భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు బలిచక్రవర్తికి చెప్పే కథ గుర్తు తెచ్చుకోండి. ఈ మహానుభావుడు ఆయుధం పట్టుకుని విష్ణువుని వెతుక్కుంటూ ఏకంగా ఆయన ఇంటికే పోతాడు. స్వామి సూక్ష్మరూపంలో వీడి ముక్కులోంచే లోపలికి దూరి వీడి గుండెలోనే దాక్కుంటాడు. భూమీ ఆకాశమూ సముద్రాలూ గాలించి, కనబడక, వీడు తిరిగొస్తాడు. లేడనుకున్నవాడు అంత దూరం వెతుకుతాడా? స్తంభం దగ్గర "చక్రిన్ గిక్రిన్" అని వెటకారం చేశాడు, నిజమే. ఆ వెటకారంలో పగ ఉంది, "లేడు" అన్న మాట లేదు. పగబట్టాలంటే ఎదుటివాడు ముందు ఉండాలి కదా. అందుకే మన పెద్దలు దానికి వైరభక్తి అని పేరు పెట్టారు, భక్తిలోనే చేర్చారు.

మనం నాస్తికుడికి ఆ ముసుగు తొడగడంలో అసలు పొరపాటు అదే. దేవుడంటే వాడికి కోపమనుకుంటాం. ఏదో అడిగితే స్వామి ఇవ్వలేదు, అందుకని అలిగాడు అనుకుంటాం. ఈ మాటే ఒకసారి దేవుణ్ణి నమ్మని మా బావని అడిగితే, "నేనోడి మీద కోపమేటే, పిచ్చిదానా?" అన్నాడు, లేనివాడి మీద కోపమేమిటని.

పండితుల లెక్క వేరే ఉందనుకోండి. వ్యాకరణం రాసిన పాణిని "అస్తినాస్తిదిష్టం మతిః" అని చిన్న సూత్రం చెప్పి ఊరుకున్నాడు. ఉందనుకునేవాడు ఆస్తికుడు, లేదనుకునేవాడు నాస్తికుడు. ఉన్నదీ లేనిదీ పరలోకం అని ఆ సూత్రాల వ్యాఖ్య కాశికావృత్తి అర్థం చెప్పింది. మనువు వేదనిందకుణ్ణి నాస్తికుడన్నాడు. రెండింట్లోనూ ఈశ్వరుడి ప్రసక్తే లేదు చూశారా! యజ్ఞఫలం ఇవ్వడానికి ఈశ్వరుడు అక్కర్లేదన్న మీమాంసకులు ఆస్తికుల్లోనే లెక్క. అదంతా అలా ఉంచుదాం. ఇవాళ మన వీధిలో నాస్తికుడంటే దేవుడు లేడని అనుకునేవాడు, అంతవరకే. తాగుతాడా, అబద్ధమాడతాడా, తల్లిని చూస్తాడా అన్నది ఆ మాటలో లేదు. అవి వేరే అడగాలి, ఆస్తికుణ్ణి అడిగినట్టే.

మా బావ, అంటే మా అప్ప (అక్క) భర్త, అలాంటివాడు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరి ఆ ఉద్యోగంలోనే పెద్దయ్యాడు. అప్పకి ఆదివారం అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్ళకపోతే అన్నం సయించదు. బావ స్కూటరు మీద దింపేవాడు. అప్ప లోపల సూర్యనమస్కారాలు చేయించుకుని వచ్చేదాకా బయట టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. చిక్కుడాకులో పాయసం పెడితే తినేవాడు, బాగుంటే బాగుందనేవాడు. దండం మాత్రం పెట్టేవాడు కాదు. ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా "నువ్వూ మానెయ్" అని అప్పతో అనగా నేను వినలేదు.

మార్చిలో ఓసారి, అక్టోబరులో ఓసారి ఉదయకిరణాలు స్వామి పాదాలు తాకుతాయి కదా, ఆ రోజుల్లో తెల్లారకుండానే వెళ్ళి నిలబడతాం. ఒక ఏడు మబ్బు పట్టి ఏమీ కనబడలేదు. ఉసూరుమంటూ బయటికొస్తే బావ టీ కొట్టు దగ్గర మట్టిలో పుల్లతో గీసి చూపించాడు. మార్చిలో ఆ రోజులు విషువత్తుకి, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి, పది రోజులు ముందు, అక్టోబరులో రెండో విషువత్తుకి పది రోజులు వెనక. సూర్యుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి వస్తూ ఒకసారి ఒకే చోట, నిక్కమైన తూర్పుకి ఒక పిసరు దక్షిణంగా పొడుస్తాడు. "అందుకే ఏడాదికి రెండుసార్లు. గుమ్మం పెట్టినోడు అంతకుముందు ఎన్నేళ్ళు తూరుపుకేసి సూసుంటాడో సూడు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూశాను. లోపల మేము దండం పెట్టేటప్పుడు మా ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలియదు గానీ, ఆశ్చర్యం మన సొత్తే అన్న గర్వం ఆవేళే నాలో సగం చచ్చింది.

అప్ప పోయి ఆరేళ్ళయింది. పోయేముందు, "నా కర్మలన్నీ లోటు లేకుండా జరగాలి" అని బావతో మాట తీసుకుంది. శ్రాద్ధమంటే బావకున్న అభిప్రాయం ఇల్లంతటికీ తెలుసు. ఊరెళ్ళేవాడికి దారిలో సద్ది ఎందుకు, ఇంట్లో ఎవరికో పెట్టేస్తే వాడి కడుపు నిండిపోవాలి కదా అని నవ్వేవాడు. రామాయణంలో జాబాలి అనే ఋషి చిత్రకూటంలో రాముడితో అన్నమాటే ఇది. రాముడికి ఒళ్ళు మండింది, జాబాలి తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. కానీ ఆ మాటన్న జాబాలిని వాల్మీకి కూర్చోబెట్టింది రాక్షసుల మధ్య కాదు, వసిష్ఠ వామదేవుల పక్కన, దశరథుడి కొలువులో. బావ రామాయణం చదివినవాడు కాదు. నేనే చెప్పాను, "నీకు ముందే ఒకాయన అన్నాడు బావా" అని. సంతోషించాడు.

అలాంటి మనిషి నాగావళి ఒడ్డున పదకొండు రోజులూ తడిబట్టలతో నిలబడ్డాడు. పురోహితుడు చెప్పినది ఒకటికి రెండుసార్లు అడిగి, దర్భ ఎటు తిప్పాలో నేర్చుకుని, పిండం పెట్టాడు. కాకి ముట్టేదాకా ఎండలో కదల్లేదు. చుట్టాలంతా ఒకటే మాట, "మారాడు. పెళ్ళాం పోయేసరికి దేవుడు గుర్తొచ్చాడు." నేనూ మురిసిపోయాను. పన్నెండోనాడు దగ్గరకెళ్ళి, "చివరికి అప్ప నిన్ను మార్చింది బావా" అన్నాను కూడా.

బావ నా వంక అదోలా చూశాడు. "మీ అప్పకి సీరలు తెచ్చింది నానే కదే. నాను కట్టుకున్నానేటి?"

ఆయన ఆమె నమ్మకాన్ని నిలబెట్టాడు. మేము ఆయన అపనమ్మకాన్ని పట్టుమని పన్నెండు రోజులు కూడా నిలవనివ్వలేదు.

అయినా నాకు బుద్ధి రాలేదు. నా దగ్గర పోతన ఉన్నాడు కదా.

కలఁ డందురు దీనులయెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు గలం డనెడువాఁడు గలఁడో లేఁడో

ఈ పద్యం ఎన్ని వందలసార్లు చెప్పానో. ప్రతి ఏడూ ఒక పిల్లాడు లేచి, "ఏనుగుకి అనుమానమెందుకొచ్చింది టీచర్?" అని అడిగేవాడు. రాదా మరి! మూడు పాదాల్లోనూ "అందురు" అన్నాడు చూడండి. దీనుల దగ్గరున్నాడంటారు, యోగుల దగ్గరున్నాడంటారు, అన్ని దిక్కుల్లోనూ ఉన్నాడంటారు. అన్నీ అనగా విన్నవే. ఎప్పటినుంచో మొసలితో పెనుగులాడుతున్నవాడికి విన్నమాట చాలదు, అందుకని నాలుగో పాదంలో "కలడో లేడో" అనేశాడు. ప్రహ్లాదుడి నోట "ఇందు గలడందు లేడని సందేహము వలదు" అనిపించిన పోతనే ఇక్కడ గజేంద్రుడి నోట ఆ సందేహాన్ని పలికించాడు. వెంటనే వచ్చే సీసం ఎత్తుగడ చూడండి, "కలుగడే నాపాలి గలిమి సందేహింప గలిమిలేములు లేక గలుగువాడు." కలిమీ లేమీ రెండూ అంటనివాడట. ఆయనకి మన "ఉన్నాడు" ఒక ఆభరణం కాదు, మన "లేడు" ఒక దెబ్బా కాదు. ఇంకో ముచ్చట. గజేంద్రుడు ముందు ఫలానా దేవుడని పేరు పెట్టి పిలవలేదు, "ఎవ్వనిచే జనించు" అన్నాడు. విశ్వమంతా నిండినవాళ్ళు కారు కనక బ్రహ్మాదులు "వినియు నూరక యుండిరి". పేరు లేని పిలుపుకి, "లేడో" అన్న నోటికి, స్వామి సిరికిం జెప్పకుండా పరుగెత్తాడు. ఈ ఘట్టం చెబుతుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

ఇదంతా మూట కట్టుకుని బావ దగ్గరకెళ్ళాను. నీ "లేడు" కూడా ఆయన్నే చేరుతుంది బావా, పోతన చెప్పాడు, నువ్వు తెలియకుండానే భక్తుడివి అన్నాను. బావ పద్యం ఇంకోసారి పాడమన్నాడు. పాడాను. కాసేపు ఊరుకుని, "బాగుందే. కానీ ఆ ఏనుక్కి మొసలి పట్టింది. ఇడిపించీవోడు కావాల. ఉన్నాడో నేడో అని దానికి అనుమానం. నాకు అనుమానం కాదు కదా, నేడనే అనుకుంతన్నాను. నాకోసం ఎవులూ రానక్కర్నేదు" అన్నాడు.

ముప్పై ఏళ్ళ పాఠం అక్కడ ఆగిపోయింది. తిట్టేవాళ్ళు ఆయన్ని హిరణ్యకశిపుడి వాకిట్లో కట్టేశారు. నేను ప్రేమకొద్దీ గజేంద్రుడి మడుగులోకి లాగాను. ఆయన నిలుచున్న చోట ఆయన్ని ఎవరం చూడలేదు.

అమ్మా, అయ్యా, భక్తులారా, మీకు పుణ్యముంటుంది, నా మాట కాస్త వినండి. మీ ఇంట్లోనూ ఒకరుంటారు, కొడుకో అల్లుడో. కష్టం వస్తే వాడే దారికొస్తాడని కాచుక్కూర్చోకండి, అది వాడి కష్టం కోరుకోవడమే. ప్రసాదం తింటే "అదిగో!" అనకండి. ఆకలేసి తిన్నాడు. ఇంకొకటి, క్యూలో ముసలివాళ్ళని తోసేవాణ్ణీ, హుండీలో వేసి లంచం పట్టేవాణ్ణీ చూపించి "వీడే అసలైన నాస్తికుడు" అని పెద్ద తెలివిగా అంటుంటాం. అది మరీ అన్యాయం. వాడు మనవాడు. మన దొంగని తీసుకెళ్ళి పక్కింటి ఖాతాలో రాస్తామా?

నాస్తికోద్యమం నడిపిన గోరాగారు పుట్టింది ఛత్రపురంలో, 1902లో. అప్పటికి మన శ్రీకాకుళమూ ఆ ఊరూ ఒకే గంజాం జిల్లా. దేవుడు లేడని చెప్పినందుకు ఉద్యోగాలు పోగొట్టుకుని, అంటరానివాళ్ళన్నవాళ్ళతో కలిసి భోజనాలు పెట్టినాయన. తన కూతురిని హరిజన యువకుడికిచ్చి చేస్తానంటే, ఆ పెళ్ళి సేవాగ్రామంలో తానే జరిపిస్తానని గాంధీగారు ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెడదామన్నారు. పెళ్ళి జరిగే నాటికి, 1948 మార్చికి, గాంధీగారు లేరు. నేను ఆగిపోయేది ఆ ప్రమాణం దగ్గరే. రోజూ రామనామం చెప్పుకునే మనిషి, తన నోట్లో రాముణ్ణి తీసెయ్యలేదు. పక్కవాడి ప్రమాణంలోకి మాత్రం తొయ్యలేదు.

ఎందుకు ఆగిపోతానంటే, అప్ప పోయిన దగ్గర్నించి ప్రతి ఆదివారం అరసవల్లిలో మా ఇంటి పేర్లతోపాటు బావ పేరూ నక్షత్రమూ చెప్పి అర్చన చేయిస్తున్నాను. ఆయనకి చెప్పకుండానే. ఆ ప్రవచనం విన్న మర్నాడు వెళ్ళి చెప్పేశాను. కోప్పడలేదు. "టికెట్టు డబ్బులు ఎంతయిందో సెప్పు, ఇచ్చీస్తాను" అన్నాడు.

రథసప్తమినాడు జనం ఇసుక వేస్తే రాలడం లేదు. జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసి, రాత్రంతా నిలబడి, తెల్లవారాక లోపలికి చేరాను. అర్చకస్వామికి మా గోత్రం, పేర్లు ఎప్పుడో నోటికొచ్చేశాయి. వరసగా చదువుతూ బావ పేరు దగ్గరకొచ్చారు.

"ఆ పేరు వద్దండి" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "అయ్యో, ఎప్పుడమ్మా? పోయారా?"

"లేదండీ, నిక్షేపంలా ఉన్నారు. బయట టీ తాగుతున్నారు."