నువ్వే కదా చెప్పినావు

పదకొండున్నర అయింది, నిద్ర రావట్లే. కారణం ఒక్క మార్కు. అది కూడా నాది కాదు, చిన్నోడిది.

సాయంత్రం స్కూల్ నుంచి వచ్చి, బ్యాగు సోఫాలో పారేసి, స్లిప్ టెస్ట్ పేపర్ తెచ్చి నా ముందర పెట్టినాడు. 25కి 24. నేను సంతోషపడేలోపే పోయిన మార్కు మీద వేలు పెట్టినాడు. అల్యూమినియం ఆక్సైడ్ ఏ రకమో కారణంతో రాయమని ప్రశ్న. వీడు రాసింది: క్షార ఆక్సైడ్, ఎందుకంటే అల్యూమినియం లోహం కాబట్టి. సారు అడ్డంగా కొట్టేసి పక్కన ఎర్ర ఇంకుతో ద్విస్వభావ అని రాసినాడు, అంటే ఆమ్లం గుణం, క్షారం గుణం రెండూ ఉన్నదని. "మా, నువ్వే కదా చెప్పినావు, లోహమైతే క్షారం, అలోహమైతే ఆమ్లం, అంతే అని."

చెప్పినాను. ఆదివారం రాత్రి చపాతీలు కాలుస్తా, వెనక్కి కూడా తిరగకుండా చెప్పినాను. ఆ "అంతే" కూడా నాదే.

తప్పు నాదని తెలిస్తే ఎవురికైనా ముందు ఇంకొకరి మీదే కదా కోపం వచ్చేది, నాకు సారు మీద వచ్చింది. కారణం రాయమన్నారు, పిల్లోడు కారణం రాసినాడు, అరమార్కు వేస్తే ఆయన సొమ్మేం పోతాది? పేపర్ ఫోటో తీసి గ్రూపులో పెడదామని టైప్ చేసినా, చెరిపినా, మళ్ళీ "నమస్తే సార్" దగ్గర్నుంచి మొదలుపెట్టినా. ఈలోగా మా ఆయన వచ్చి సంగతంతా విని, "ద్విస్వభావమంటే నీ మాదిరే, మా అమ్మ ముందర ఒకటి, నా ముందర ఒకటి" అని ఒకటే నవ్వు. కెమిస్ట్రీ చదివిన ప్రతి మొగుడూ ఒక్కసారన్నా వేసుంటాడు ఈ జోకు. నేను నవ్వలేదు. దోసెపిండి గిన్నె గట్టు మీద కొంచెం గట్టిగానే పెట్టినాను.

ఆ గట్టు మీది కడప బండకు మొన్న నిమ్మచెక్క పెట్టి మర్చిపోయిన చోట తెల్ల మరక అట్లనే ఉంది. సున్నపురాయి జాతి కదా, పులుపు తగిలితే చాలు. దాన్ని గుడ్డతో రుద్దుతాంటే జేజి సత్తు డేక్సా, అదే అల్యూమినియం గిన్నె, గుర్తొచ్చింది.

నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. ఉగాది ముందర, ఇంటికి సున్నాలు కొడతాండారు, పెరట్లో పొడిసున్నం మీద నీళ్ళు పోస్తే బుసబుసమని ఉడుకుతాంది, పిల్లోళ్ళని ఆ పక్కకు రానీయట్లే. నన్నేమో డేక్సా తోమమని కూచోబెట్టినారు. తళతళ మెరిపించేసి శభాష్ అనిపించుకుందామని డబ్బాలోంచి చాకలి సోడా తీసి, దోసెడు వేసి, వేడినీళ్ళు పోసేసినా. సన్నగా బుడగలు లేచినాయి. భలే ఉందనుకున్నా. నీళ్ళు పారబోసి చూద్దును కదా, లోపలంతా నల్లగా, పొగచూరిన మాదిరి. జేజి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "సత్తుకు పులుపు పడదు, సోడా పడదు, రెండూ తింటాయే దాన్ని" అనింది. మళ్ళీ ఆమే, పులుసు కూడా పెట్టనియ్యని ఆ గిన్నెలో చింతపండు నీళ్ళు పోసి మరగబెట్టింది. నలుపు చాలామటుకు పోయింది.

అల్యూమినియం పైన కంటికి కనపడనంత పల్చగా ఆక్సైడ్ పొర ఉంటాది, గిన్నెను కాపాడేది అదే. ఆమ్లం తగిలితే క్షారం మాదిరి, క్షారం తగిలితే ఆమ్లం మాదిరి నడుచుకొని రెండింటిలోనూ కరిగిపోతాది. పొర పోయినాక లోపలి లోహమే సోడా నీళ్ళకు దొరికిపోతాది, నేను చూసిన బుడగలు హైడ్రోజన్. ఇంటర్లో మూలకాల పట్టికలో మూడో పీరియడ్, అంటే మూడో అడ్డవరస, మొత్తం బట్టీ పట్టినదాన్నే: సోడియం, మెగ్నీషియం ఆక్సైడ్లు క్షారం, నడుమ అల్యూమినియం రెండూ, సిలికాన్ నుంచి ఆమ్లం, క్లోరిన్ దగ్గరికి పోయేసరికి గట్టి ఆమ్లం. అలోహం సంగతైనా అంతే, కార్బన్ మోనాక్సైడ్ అటూ కాదు ఇటూ కాదు, తటస్థం. ఇంత తెలిసి "అంతే" అని ఎట్ల అన్నానో.

అయినా మొదట మోటుగా ఒక సూత్రం చెప్పకపోతే పిల్లోళ్ళకు పట్టు ఎట్ల దొరుకుతాది, మినహాయింపులు తర్వాత సారే చెప్పాల కదా అని మళ్ళీ నన్ను నేనే సమర్థించుకుంటా, పడుకోబోయే ముందు వాణ్ణి అడిగినా, క్లాసులో అసలు చెప్పినాడా లేదా అని.

"చెప్పినాడు మా. జింక్ ఆక్సైడ్ కూడా అదే రకం అన్నాడు. నువ్వు వేరేగా చెప్పినావు కదా, నువ్వు చెప్పిందే కరెక్ట్ అనుకున్నా."

దుప్పటి కప్పి వచ్చేసినా. గ్రూపులో టైప్ చేసింది చెరిపేసినా.

డేక్సా అటక మీదుంది. రేపు దించి వాడికి చూపిద్దామంటే సోడా ఎక్కడ దొరుకుతాదో తెలీదు, అత్త చూస్తే మళ్ళీ అదో పంచాయితీ. అరమార్కు మాత్రం వేయాల్సిందే, ఆ మాట మీద ఇంకా ఉన్నాను.