బస్సెక్కిన తాళంచెవి

సాయంత్రం ఐదింటికి తిరగాల్సిన సున్నపురాయి మోసే కన్వేయర్ బెల్టు ఈరోజు ఆరుంబావుకి తిరిగింది. బెల్టులో లోపం లేదు, మోటారులో లోపం లేదు. అడ్డం పడింది, రిపేరు జరిగేటప్పుడు ఎవరూ బెల్టు ఆన్ చేయకుండా వేసే ఒక ఎర్ర తాళం. దాని చెవేమో అప్పటికి కోదాడ నుంచి ఖమ్మం పోయే బస్సులో, మా సీనియర్ ఫిట్టర్ బాబాయ్ జేబులో ఉంది. ఆయన ఎవరికి బాబాయో తెలీదు కానీ ప్లాంటంతా అలాగే పిలుస్తారు.

పని మామూలుదే. క్రషర్ నుంచి రాయి మోసుకొచ్చే బెల్టుకి వెనక కొసన తిరిగే టెయిల్ పుల్లీ బేరింగ్ కొన్నాళ్లుగా వేడెక్కుతోంది. ఆ బెల్టు మీదకి రాయి దించే ఇనప దోనె, అదే చూట్‌లో లోపలి గోడకి బిగించే లైనర్ ప్లేట్లు కూడా అరిగిపోయి రేకుల్లా తయారయ్యాయి. బెల్టు ఆపేదే అరుదు కాబట్టి రెండు పనులూ ఒకే షట్‌డౌన్‌లో కానిచ్చేద్దామని నిన్ననే అనుకున్నాం. పొద్దున్నే పని అనుమతి రాసే పర్మిట్ కాగితం పట్టుకుని ఎంసీసీ రూముకి, అంటే మోటార్లకి కరెంటు ఇచ్చే ప్యానెళ్లుండే గదికి పోయాను.

అక్కడ కొత్తగా చేరిన ఎలక్ట్రికల్ ఇంజనీర్ అమ్మాయి ఉంది. చదువు అయిపోయి నేరుగా వచ్చింది. మా బెల్టుకి కరెంటు ఇచ్చే ఫీడరు, మా బెల్టుకి రాయి అందించే ముందు బెల్టు ఫీడరు, రెండూ ఆఫ్ చేసి వాటి స్విచ్ మాడ్యూళ్లు బయటకి లాగి తాళాలు వేసింది. ముందున్న బెల్టుకెందుకని కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ సణిగాడు. చూట్‌లో మనిషి ఉన్నప్పుడు పైనుంచి రాయి పడితే మా బెల్టుకి వేసిన తాళం వాడి నెత్తిని కాపాడదు కదా. ఆ అమ్మాయి తర్వాత టెస్టర్ తీసి ముందు పక్కనున్న లైవ్ ప్యానెల్లో పెట్టి చూసింది, వెలిగింది. అప్పుడు మా ఫీడర్లో చూసింది, లేదు. మళ్లీ వెనక్కి పోయి లైవ్‌లో పెట్టింది. మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉంటే 'కరెంటు లేదు' అని అదే చెబుతుంది మరి. పాతికేళ్లుగా వైర్‌మన్‌గా ఉన్నాయన తలుపు దగ్గర నిలబడి చూస్తూ, "మేం వేలి వెనకవైపు తగిలించి చూసేవాళ్లం అమ్మా" అన్నాడు. ఆమె నవ్వలేదు. నాకు నచ్చింది.

మోటారు టెర్మినల్ బాక్సు మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, స్పేస్ హీటర్ అని. మోటారు ఆగి ఉన్నప్పుడు లోపల తేమ పట్టకుండా వెచ్చగా ఉంచే హీటరు. దానికి 230 వోల్టులు వేరే దారిలో వస్తాయి. మెయిన్ ఫీడరుకి ఎన్ని తాళాలు వేసినా ఆ తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. పైగా మోటారు ఆగగానే హీటరు ఆన్ అయ్యేలా పెడతారు. అంటే మనం అంతా చచ్చిందనుకున్న క్షణంలోనే అది బతుకుతుంది. ఆ అమ్మాయి దాన్ని కూడా వెతికి ఫ్యూజు పీకించింది. వేగం మార్చే డ్రైవులున్న మోటార్లయితే ఇంకో తంటా. 415 వోల్టుల సప్లై తీసేశాక కూడా లోపల కెపాసిటర్లలో 590 వోల్టుల దాకా డీసీ కూర్చుని ఉంటుంది. అది దిగేదాకా మూత మీద రాసిన నిమిషాలు ఆగి, మీటరుతో చూసి గానీ చెయ్యి పెట్టకూడదు. మా బెల్టుకి డ్రైవ్ లేదు, ఆ మేరకు బతికిపోయాం.

తాళాలు వేశాక బెల్టు దగ్గర్నుంచి అందరినీ పక్కకి పంపి, లోకల్ పుష్‌బటన్ దగ్గర స్టార్ట్ నొక్కాను. సీసీఆర్‌కి, అంటే ప్లాంటు కంట్రోల్ రూముకి ఫోన్ చేసి అక్కణ్నుంచి కూడా కమాండ్ ఇప్పించాను. కదల్లేదు. మొత్తం తతంగంలో ఒక్కటే మిగల్చమంటే నేను దీన్నే మిగులుస్తాను. ప్యానెళ్ల మీద నంబర్లన్నీ కవల పిల్లల్లా ఉంటాయి. ఎంత శ్రద్ధగా వేసినా పక్క ఫీడరుకి తాళం వేసే ఛాన్సు ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతి బయటపడేది ఈ బటన్ దగ్గరే. కాగితం మీద 'ఐసొలేటెడ్', అంటే కరెంటు విడదీశాం అని సంతకం ఉంటుంది, కానీ కాగితం బెల్టుని ఆపదు. బెల్టు పొడవునా ఉండే పుల్ కార్డ్, అంటే అత్యవసరంగా ఆపే తాడు లాగేసి పనిలోకి దిగే అలవాటు ఇంకా కొందరికి ఉంది. ఆ తాడు ఆపేది కంట్రోల్ సర్క్యూట్‌ని మాత్రమే. ఎవడో నడుచుకుంటూ వచ్చి, ఊరికే లాగేసినట్టుందని దాన్ని రీసెట్ చేసి పోతాడు.

కరెంటు సంగతి ఇంతే. నన్ను ఎప్పుడూ టెన్షన్ పెట్టేది కౌంటర్ వెయిట్. బెల్టు బిగుతుగా ఉండటానికి మధ్యలో ఒక మడత కిందకి దించి, దానికి టన్నుల బరువున్న ఇనప పెట్టె వేలాడదీస్తారు. రెండు గైడ్ల మధ్య అలా వేలాడుతూ, బెల్టు సాగితే కిందకి, బిగిస్తే పైకి జరుగుతూ ఉంటుంది. ప్లాంటు మొత్తం కరెంటు పోయినా దానికి సెలవు లేదు. టెయిల్ పుల్లీ బేరింగ్ ఊడదీస్తే బెల్టు పుల్లీని ముందుకి లాగుతుంది, పెట్టె దబ్బున దిగుతుంది. అందుకే ముందు చైన్ పుల్లీలతో పెట్టెని పైకెత్తి, స్ట్రక్చరుకి వైర్ రోప్ స్లింగులు వేసి కట్టాం. ఆ తర్వాత చైన్ పుల్లీ కొద్దిగా వదిలి, బరువు స్లింగుల మీదకి వచ్చిందో లేదో చూశాం. చైన్ పుల్లీ ఎత్తడానికే గానీ గంటలకొద్దీ మోయడానికి కాదు, దాన్ని నమ్ముకుని కింద మనిషిని నిలబెట్టకూడదని బాబాయ్ ఎప్పుడూ అంటాడు. బెల్టు వదులై రోలర్ల మధ్య వేలాడబడ్డాక, వెనక్కి జారకుండా క్లాంపు కూడా వేయించాడు.

చూట్ దగ్గర ఎయిర్ బ్లాస్టర్ ఉంది. రాయి గోడకి అతుక్కుపోతే గాలి గుండు లాగా కొట్టి రాలగొట్టే ట్యాంకు. వాల్వు మూశాం. ట్యాంకులో అప్పటికే నిండి ఉన్న గాలి ఎక్కడికి పోతుంది? డ్రెయిన్ తిప్పితే బుస్సుమని చాలాసేపు వచ్చింది. గేజ్ ముల్లు సున్నాకి దిగాక హెల్పర్ డ్రెయిన్ మూసేయబోయాడు, బాబాయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. వాల్వు ఏ కాస్త లీకైనా ట్యాంకు మళ్లీ మెల్లగా నిండుతుంది. పని అయ్యేదాకా డ్రెయిన్ తెరిచే ఉండాలి, డ్రెయిన్ మీద కూడా ట్యాగ్ ఉండాలి. అంతలో ఇంకొకడు చూట్‌లోకి 230 వోల్టుల హాలోజన్ లైటు పట్టుకొచ్చాడు. ఇనప పెట్టెలాంటి చోట చేతిలైటు 24 వోల్టులు దాటకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ట్రాన్స్‌ఫార్మర్ లైటు తెమ్మని వెనక్కి పంపాను. వెలుతురు తక్కువని మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

ఇక తాళాల సంగతి. రెండు ఫీడర్ల తాళంచెవులూ ఒక ఎర్ర పెట్టెలో వేసి, పని చేసే ప్రతి మనిషీ ఆ పెట్టెకి తన సొంత తాళం వేయాలి. అందరూ తీస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. కాంట్రాక్టర్ మనుషుల్లో ఒడిశా కుర్రాడు ఒకడు తాళం లేకుండా నిలబడ్డాడు. "నా తాళం ఉందిగా సార్, వాడు నా కిందే" అన్నాడు సూపర్‌వైజర్. సూపర్‌వైజర్ మధ్యాహ్నం భోజనానికి పోతాడు, తన తాళం తీసుకుని పోతాడు. కుర్రాడు చూట్‌లోనే ఉంటాడు. స్టోర్స్ నుంచి తాళం తెప్పించేదాకా వాణ్ని కదలనివ్వలేదు. ట్యాగ్ మీద ఇంగ్లిష్‌లో ఏదో రాసి ఉంటుంది, వాడికి ఇంగ్లిష్ రాదు, తెలుగు రాదు. అందుకే ట్యాగ్ మీద ఫొటోలు అంటించడం మొదలుపెట్టాం. వాడి ఫొటో వాడు చూసుకుని, అది సరిగ్గా కనబడేలా రెండుసార్లు తిప్పి పెట్టాడు.

మధ్యాహ్నానికి బేరింగ్ పని అయిపోయింది. చూట్‌లో వెల్డింగ్ మాత్రం మిగిలింది. బాబాయ్ మేనకోడలి పెళ్లి రాత్రికి ఖమ్మంలో. గేట్ పాస్ ముందే రాయించుకున్నాడు. మూడింటికి స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, సెంటు వాసనతో ఆఫీసులో కనబడి, "పోయొస్తా అయ్యా" అని చెప్పి మరీ వెళ్లాడు. పెట్టె మీద తాళం తీయడం మర్చిపోయాడు. తెల్ల ప్యాంటులోకి మార్చుకున్న సామాన్లలో చెవి కూడా పోయింది.

నాలుగున్నర దాటాక వెల్డింగ్ అయింది. క్లాంపు తీసి, కౌంటర్ వెయిట్ దించి, గార్డులు బిగించి, మనుషుల్ని లెక్కపెట్టుకుని, ఒక్కొక్కరే తాళం తీసుకున్నారు. ఒకటి మిగిలింది. ఫొటోలో బాబాయ్ మీసం.

ప్రొడక్షన్ ఆయన నుంచి ఫోన్. "ఆయన ఊళ్లోనే లేడంటున్నారు కదా, డూప్లికేట్ చెవితో తీసెయ్యండి." డూప్లికేట్ ఉండదు. ఆఫీసు డ్రాయర్లో ఇంకో చెవి ఉంటే ఆ తాళానికి అర్థమేముంది? తొందరలో ఉన్నవాడెవడైనా ఆ డ్రాయర్ దగ్గరికే పోతాడు. ఈ పద్ధతిలో ఇబ్బంది కావాలనే పెట్టిందని ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా, ఇదేదో మెయింటెనెన్స్ వాళ్ల పట్టుదల అన్నట్టే మాట్లాడతాడు. అమెరికాలో పనిచోట భద్రత చూసే ఓషా సంస్థ 1989లో తెచ్చిన నియమంలో ఇలాంటి సందర్భానికి దారి రాసి ఉంది. మా ప్లాంటు పద్ధతి కూడా దాన్ని చూసి రాసుకున్నదే. తాళం వేసిన మనిషి లోపల లేడని తేల్చుకోవాలి. అతనితో మాట్లాడటానికి చేయగలిగిందంతా చేయాలి. తాళం తీసేశామని, అతను మళ్లీ పనిలోకి దిగేలోపే అతనికి తెలిసి తీరాలి.

గేటు రిజిస్టర్లో మూడూ పది అని ఉంది. కానీ రిజిస్టర్లో బయటకి పోయినట్టు రాయించుకుని, మర్చిపోయిన స్పానర్ కోసం వెనక్కి వచ్చే మనుషులున్న ప్లాంటు మాది. అందుకని బెల్టు కింద నుంచి చూట్ పైదాకా ఇద్దరు నడిచి చూశారు. బాబాయ్ ఫోన్ ఎత్తడు. బస్సులో రింగ్ వినబడదు.

ప్రొడక్షన్ ఆయన విసుక్కుంటుంటే నాకు పైపర్ ఆల్ఫా గుర్తొచ్చింది. ట్రైనింగుల్లో వినీ వినీ పాతబడిన కథే. 1988 జులై 6న స్కాట్లండ్ దగ్గర నార్త్ సీలో ఒక ఆయిల్ ప్లాట్‌ఫాం. పగటి షిఫ్టు వాళ్లు ఒక పంపు సేఫ్టీ వాల్వు రిపేరుకి ఊడదీశారు, ఆ సంగతి రాత్రి షిఫ్టుకి అందలేదు. నడుస్తున్న పంపు ఆగిపోతే, రాత్రి వాళ్లు ఈ పంపుని ఆన్ చేశారు. గ్యాస్ లీకై పేలింది, 167 మంది పోయారు. షిఫ్టు మారే వేళ సమాచారం కాగితంలో ఆగిపోవచ్చు. మా ఎర్ర పెట్టె మీద తాళం మాత్రం ఎవరు డ్యూటీ దిగినా అక్కడే వేలాడుతుంది, ఈరోజు లాగా.

వెయిటింగ్‌లో వైర్‌మన్ ఆయన పక్కన కూర్చున్నాడు. "ఇంత పద్ధతి మా బావుల దగ్గర ఎవడికుంది సారూ" అన్నాడు. ఆయనకి నాలుగెకరాల వరి ఉంది. రాత్రిపూట కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు చీకట్లో, పాముల మధ్య పోవాల్సొచ్చిన రోజుల్లో రైతులంతా ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది, ఆటో స్టార్టర్లు తీసేయమని చెప్పారు. చాలామంది తీశారు, కొందరివి అలాగే ఉన్నాయి. కరెంటు లేదు కదా అని పంపు మీద చెయ్యి వేస్తే, వచ్చిన క్షణమే అది తనంతట తనే తిరుగుతుంది. లైన్‌మన్లు స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైను ఆపినట్టు అనుమతి తీసుకుంటారు, అయినా లైనుని భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించకుండా పని చేయకూడదు, ఎవరింట్లోనో జనరేటరు వెనక నుంచి లైనుని వెలిగించవచ్చు. "ఫ్యూజు పీకి జేబులో వేసుకుని బావి దిగుతా సారూ నేను" అన్నాడు. పద్ధతి లేదన్న మనిషే చెప్పిన మాట అది.

ఐదున్నర దాటాక బాబాయ్ ఎత్తాడు. వెనక హారన్లు. తాళం మాట చెప్పగానే జేబులు తడుముకున్నట్టున్నాడు, కాసేపు మాట లేదు. "అయ్యో! దిగి వెనక్కొచ్చేదా?" అన్నాడు. వద్దన్నాను. ఎక్కడున్నావని రెండుసార్లు అడిగి, పక్కనున్న వాళ్లావిడతో కూడా మాట్లాడి, స్పీకర్లో సేఫ్టీ ఆఫీసర్‌కి వినిపించి, ప్లాంట్ హెడ్ సంతకం పెట్టించి తాళం కోశాం. బోల్ట్ కట్టర్ ఎవరో పట్టుకుపోయారు. హ్యాక్సా బ్లేడుతో కోయడానికి ఇంకొంత టైము.

బెల్టు తిరిగింది, బేరింగ్ చల్లగానే ఉంది. ఇక మిగిలింది ఆ గంటంపావుని ఏ ఖాతాలో రాయాలన్న గొడవ. ప్రొడక్షన్ 'మెకానికల్ డిలే' అంటోంది. బేరింగ్ పని టైముకే అయింది కదా, నేను ఒప్పుకోను. ఎలక్ట్రికల్ వాళ్లు తమ ఫీడరు ఎప్పుడో రెడీ అంటున్నారు. ప్రస్తుతానికి లాగ్‌బుక్కులో 'ఇతరములు' అని రాయించాను. రేపు మార్నింగ్ మీటింగులో దీని మీదే నడుస్తుంది. బాబాయ్ సోమవారం దాకా లీవు.