జవాబు గడి ఖాళీ

మా తమ్ముడు ఇంట్లోంచి వెళ్లిపోయిన వారానికి ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. పేజీని మూడు గళ్లుగా గీశాను: తేదీ, మనవి, జవాబు. మొదటి మనవి వాడి పేరే. నా లెక్కలో నెల, మహా అయితే రెండు నెలలు. నాన్నతో మాటా మాటా పెరిగి వెళ్లినవాడు, కోపం చల్లారితే రాకుండా ఎక్కడికి పోతాడనుకున్నాను. తొమ్మిదేళ్లయింది.

మొదటి ఏడాది ఉన్న బలమంతా పెట్టాను. వారానికో ఉపవాసం, నెలకో ఆల్‌నైట్ ప్రార్థన. బైబిల్లో కనబడిన ప్రతి వాగ్దానాన్నీ వాడి పేరుకు అంటించేదాన్ని. ‘అడుగుడి మీకియ్యబడును’ అన్న మాటను ప్రామిసరీ నోటులా చేతబట్టుకుని, బాకీ వసూలుకు వచ్చినదానిలా మోకరించేదాన్ని.

లూకా సువార్త 18లో, న్యాయం కోసం న్యాయాధిపతి చుట్టూ తిరిగిన విధవరాలి ఉపమానం అప్పట్లో నాకు కంఠతా వచ్చు. ‘విసుకక నిత్యము ప్రార్థన చేయుచుండవలెను’ అని దాని మొదటి మాట. విసుకక అని రాసి ఉంటే నేను విసిగించమని చదువుకున్నాను. ఆమె వేధించింది, న్యాయాధిపతి తట్టుకోలేక తీర్పిచ్చాడు, నేనూ అలాగే వేధించాలి. అంతే నాకర్థమైంది.

మా చర్చి సంఘంలో అందరూ మంచివాళ్లే. కానీ ఆలస్యమవుతున్న ప్రార్థన పక్కన ఊరికే కూర్చోవడం మంచివాళ్లకీ కష్టమే. ‘దాచుకున్న పాపం ఏమైనా ఉందేమో చూసుకోమ్మా’ అన్నారొకరు. వారాల తరబడి వెతుక్కున్నాను. దొరికాయి కూడా, వెతికితే ఎవరికి దొరకవు? ‘విశ్వాసంతో అడగట్లేదేమో’ అన్నారు ఇంకొకరు. సాక్ష్యాల వేళ ఎవరైనా లేచి, వారం రోజుల్లో జవాబు వచ్చిందని చెబితే నాకు కడుపు మండేది. ఇంటికొచ్చి అలా మండినందుకు మళ్లీ ఒప్పుకోలు. ఆ ఏడాది నేను పశ్చాత్తాపపడిన పాపాల్లో సగం సాక్ష్యాల వల్ల వచ్చినవే.

మూడో ఏడు నాన్న మంచం పట్టారు. అప్పటి నుంచి నా మనవికి గడువు వచ్చింది: నాన్న కళ్లు మూసేలోపు వాడు రావాలి. రాలేదు. కబురు పంపాం, ఉలుకూ పలుకూ లేదు. సమాధి దగ్గర కూడా వాడి కోసం గేటు వైపే చూస్తూ నిలబడ్డాను.

జవాబు ఆలస్యమైనప్పుడు ఏం చెయ్యాలో చాలామంది చెబుతారు. గడువు దాటిపోయిన మనవిని ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలు ప్రార్థన చెయ్యలేదు. దేవుణ్ని వదిలేశానని కాదు. ఆయన ఎదుట కూర్చుని మాట్లాడబుద్ధి కాలేదు, అంతే.

ఆ రోజుల్లో చదవగలిగింది 88వ కీర్తన ఒక్కటే. మొర పెట్టే కీర్తనల్లో చాలావాటికి చివర కాస్త వెలుగు ఉంటుంది. ‘ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు’ అని మొదలయ్యే 13వ కీర్తన కూడా పాటతోనే ముగుస్తుంది. దీనికి అదీ లేదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఆగిపోతుంది. ఎవరూ దాన్ని సరిదిద్దలేదు, చివర ఒక స్తోత్రం అతికించలేదు. అలా ఉన్నదున్నట్టు బైబిల్లో ఉండనిచ్చారంటే, నేను కూర్చున్న చోటు కూడా ప్రార్థనలోనిదే అయ్యుండాలి అనిపించింది.

సంఘంలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఆమె నాకు వాక్యం చెప్పలేదు. ‘నువ్వు కొన్నాళ్లు మానెయ్ తల్లీ. వాడి పేరు నాకియ్యి, నీ బదులు నేనడుగుతాను’ అన్నారు. పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దింపితే, యేసు ‘వారి విశ్వాసము చూచి’ మాట్లాడాడని మార్కు తన సువార్తలో రాశాడు. మంచం మీద ఉన్నవాడు నోరు విప్పినట్టు అక్కడ లేదు. ఆ నెలలన్నీ నేను ఆ మంచం మీదే ఉన్నాను.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు చాలా చిన్నగా మొదలుపెట్టాను. రాత్రి పడుకునే ముందు వాడి పేరు, ఒక్క వాక్యం. రోజూ అదే వాక్యమైతే వ్యర్థంగా వల్లించినట్టవుతుందేమోనని భయం ఉండేది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే ‘ఆ మాటలే చెప్పుచు’ మూడోసారి ప్రార్థించాడని చూశాక ఆ భయం పోయింది. తొలగించమని ఆయన అడిగిన శ్రమల గిన్నె కూడా తొలగిపోలేదు. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ తొలగాలని మూడుసార్లు వేడుకున్నాడు. కృప దొరికింది, ముల్లు పోయిందని ఎక్కడా లేదు. తక్కువ విశ్వాసం వల్ల అనడానికి వీళ్లిద్దరి దగ్గర నాకు ధైర్యం చాలదు.

విధవరాలి దగ్గరికీ తిరిగి వెళ్లాను. ఆ న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుషుల్ని లక్ష్యపెట్టడు. అలాంటివాడే వింటే దేవుడు వినడా అని యేసు అడుగుతున్నాడు. ఇన్నేళ్లూ నేను పరలోకపు తండ్రిని తీసుకెళ్లి ఆ న్యాయాధిపతి కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన్ని అలసిపోయేలా చెయ్యాలని చూశాను. పైగా, ఆలస్యమే ఉండకపోతే ‘విసుకక’ అన్న మాటకు అక్కడ పనేముంది?

తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీన్ తల్లి మోనికా సంగతి ఈ మధ్యే సరిగ్గా చదివాను. కొడుకు రోముకు ఓడ ఎక్కకూడదని ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ రేవు దగ్గర ఆమె రాత్రంతా కన్నీళ్లతో ప్రార్థించింది. ఆమెను మోసగించి ఆ రాత్రే అతను ఓడ ఎక్కాడు. ఆ ప్రయాణమే చివరికి అతన్ని ఇటలీలోని మిలాను చేర్చింది. అక్కడే 387లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆమె ఎప్పుడూ కోరినది, అంటే కొడుకు విశ్వాసంలోకి రావడం, ఇవ్వడానికే ఆ రాత్రి అడిగినది దేవుడు ఇవ్వలేదని తర్వాత అతనే రాశాడు. ఇది నన్ను ఓదార్చింది, కొంచెం ఒళ్లు మండించింది కూడా. వాళ్ల కథకు చివరి పేజీ ఉంది. ఓడ వెళ్లిపోయిన మర్నాడు పొద్దున ఆమె దగ్గర అది లేదు.

అయినా ఒకటి గమనించాను. నా మనవి కూడా వాడు ఏ ఓడ ఎక్కాలో చెప్పేదే. పాత పేజీలు తిరగేస్తే ‘వాడు తగ్గి రావాలి’, ‘వాడికి బుద్ధి రావాలి’. ఆ గొడవ రోజు నేను నాన్న పక్కన నిలబడి అన్న మాటొకటి ఉంది. అది ఏ పేజీలోనూ లేదు. కొన్ని నెలలపాటు, పేరు చెప్పి ఆగిన ప్రతిసారీ ఆ మాటే గుర్తొచ్చేది. మొదట సాతాను పెట్టే శోధన అనుకుని పక్కకు నెట్టాను.

పోయిన నెల ఫోన్ తీసి, ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి, ‘అది నేను అనకూడదురా, తప్పు నాది’ అని పంపాను. రమ్మని అడగలేదు. రెండు టిక్కులు పడ్డాయి. మూడో రోజు అవి నీలంగా మారాయి. ఇంకేమీ రాలేదు.

ఆ రాత్రి నోటుపుస్తకం తెరిచి, ‘చదివాడు’ అన్నది జవాబు గడిలో రాయాలా వద్దా అని చాలాసేపు చూశాను. చివరికి మనవి గడిలోనే, వాడి పేరు పక్కన, చిన్న అక్షరాలతో రాశాను.